గడప దగ్గర మొదలయ్యే చదువు: ప్రత్యేక అవసరాలు గల చిన్నారుల కుటుంబాలకు అంగన్‌వాడీ ఆహ్వానం

చౌటుప్పల్: హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై రాజధానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న చౌటుప్పల్, ఒకప్పటి నల్గొండ జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఇది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. 2018లో మున్సిపాలిటీగా ఏర్పడినది. రహదారి వెంట పరిశ్రమలు, కొయ్యలగూడెం వంటి చేనేత గ్రామాలు, చుట్టూ వ్యవసాయ పల్లెలు గల ఈ ప్రాంతంలో ప్రతి ఉదయం వాడవాడనా చిన్నారులు అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్తారు. వారితో పాటు నడక రాని బిడ్డ, మాట రాని బిడ్డ, పిలిస్తే పలకని బిడ్డ కూడా ఆ గడప దాటుతున్నారా, లేక ఇంటి అరుగు మీదనే ఉండిపోతున్నారా అన్నది అధికార యంత్రాంగం, పాత్రికేయులు కలిసి ఆలోచించవలసిన విషయం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం గలవారి సంఖ్య సుమారు 2.68 కోట్లు. అందులో ఆరేళ్ల లోపు పిల్లలు సుమారు 20 లక్షలు. నాటి గణనలో వైకల్యాలను ఎనిమిది రకాలుగా మాత్రమే నమోదు చేశారు. ఆ తరువాత వచ్చిన చట్టం 21 రకాలను గుర్తించినందున, తోడ్పాటు అవసరమైన పిల్లల సంఖ్య ఆ అంకెకు పరిమితం కాదని గ్రహించవచ్చు.

చట్టంలో ఆరేళ్ల గీత

బాలల నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సంగతి విదితమే. ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. ఆ చట్టంలోని 31వ సెక్షన్ 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించినది. రెండు చట్టాలలోనూ హక్కు ఆరవ ఏటనే ఆరంభమవుతున్నదని గమనించాలి.

అంతకు ముందు వయసు గురించి 86వ రాజ్యాంగ సవరణ ద్వారా మార్చిన 45వ అధికరణం మాట్లాడుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సంరక్షణ, పూర్వ ప్రాథమిక విద్య అందించేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని ఆ ఆదేశిక సూత్రం నిర్దేశిస్తున్నది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు చేసే వెసులుబాటును ప్రభుత్వాలకు కల్పించినది. 2020 జాతీయ విద్యా విధానం మరొక అడుగు ముందుకు వేసి, దివ్యాంగ బాలలను పూర్వ ప్రాథమిక దశ నుంచే చేర్చుకోవడానికి అత్యంత ప్రాధాన్యం ఇవ్వాలని పేర్కొన్నది.

దీని సారాంశం ఒక్కటే. ఆరేళ్లు నిండిన బిడ్డను బడి తిప్పి పంపితే ప్రశ్నించడానికి చట్టం ఉన్నది. మూడేళ్ల బిడ్డను ఇంట్లోనే ఉంచివేస్తే అడిగేవారు అరుదు. ఆ మూడేళ్ల కాలం అంగన్‌వాడీ టీచర్ పలకరింపు మీద, తల్లిదండ్రుల ధైర్యం మీద ఆధారపడి ఉన్నది. అందువలననే కుటుంబాన్ని ఆహ్వానించే పద్ధతిని మర్యాదగా మాత్రమే చూడక, బిడ్డ చదువులో తొలి మెట్టుగా భావించవలసి ఉంటుంది.

ఈ వయసుకే ఎందుకింత ప్రాధాన్యం

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం పేర్కొన్నది. వినికిడి లోపం గల బిడ్డకు సకాలంలో వినికిడి యంత్రం అమర్చి, మాటలు వినిపిస్తూ ఉంటే భాష పట్టుబడే అవకాశం ఎక్కువ. అదే లోపం ఐదారేళ్లకు బయటపడితే, మాట నేర్చుకునే విలువైన కాలం అప్పటికే గడిచిపోతుంది. మెదడు పక్షవాతం గల బిడ్డకు సరిగ్గా కూర్చోవడం, చేతితో పట్టుకోవడం చిన్ననాడే అలవాటు చేయిస్తే కండరాలు బిగుసుకుపోయే ముప్పు తగ్గుతుంది. మొక్కగా ఉన్నప్పుడు ఊతకర్ర నిలిపితే కొమ్మ నిటారుగా సాగుతుందన్నది రైతు కుటుంబాలకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు.

తల్లిదండ్రులు, టీచర్లు గమనించదగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర దాటినా నడవకపోవడం, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోవడం, వచ్చిన మాటలు తిరిగి పోవడం వంటివి అందులో ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది వైకల్యమేనని తీర్మానించనవసరం లేదు. అయితే, "వాళ్ల నాయనకు కూడా ఆలస్యంగనే మాటలొచ్చినయి" అనుకుంటూ నెలలు గడపక, వెంటనే పరీక్ష చేయించడం శ్రేయస్కరం.

గుర్తింపు నుంచి చికిత్స దాకా

2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యాలు అనే నాలుగు విభాగాలలో పిల్లలను పరీక్షిస్తారు. పుట్టిన నాటి నుంచి ఆరు వారాల వరకు ఆశా కార్యకర్తలు ఇంటివద్దనే చూస్తారు. ఆరు వారాల నుంచి ఆరేళ్ల వరకు సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పరీక్షించాలి. లోపం ఉన్నట్లు అనుమానం కలిగితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 25వ సెక్షన్ సైతం పిల్లలందరికీ ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షలు జరపాలని చెబుతున్నది.

2023 నవంబరు 28న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ దివ్యాంగ బాలల కోసం ప్రత్యేక అంగన్‌వాడీ మార్గదర్శకాలను విడుదల చేసినది. అందులో మూడు దశలు ఉన్నాయి. మొదటిది వైకల్యపు తొలి గుర్తులను కనిపెట్టడం. రెండవది ఊరి కార్యక్రమాలలో బిడ్డను కలుపుకొని కుటుంబానికి శక్తినివ్వడం. మూడవది ఆశా, ఏఎన్ఎంలు, బాల స్వాస్థ్య బృందాల ద్వారా తగిన వైద్యానికి పంపడం. ఇందులో మొదటి, మూడవ దశలకు రిజిస్టర్లు, నివేదికలు ఉంటాయి. రెండవ దశ మనుషుల ప్రవర్తనతో ముడిపడినది. అది కుంటుపడితే మిగిలిన రెండూ కాగితాలకే పరిమితమవుతాయి.

మేధో వైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో పనిచేస్తున్నది. చిన్నారులకు సత్వర సేవలు, తల్లిదండ్రులకు శిక్షణ అక్కడ లభిస్తాయి. చౌటుప్పల్ వంటి ప్రాంతానికి ఈ సంస్థ చేరువలో ఉండడం ఒక సదవకాశం. అయితే, వారంలో ఒకటి రెండు రోజులు కూలి మానుకొని బస్సెక్కవలసిన తల్లికి ఆ దూరం కూడా తక్కువేమీ కాదు. ఊరిలోని అంగన్‌వాడీయే రోజువారీ సాధనకు వేదిక కావాలని చెప్పడానికి ఇది ముఖ్య కారణం.

నింద మోసిన నేల నేర్పిన పాఠం

వైకల్యానికి కారణం తల్లి చేసిన తప్పు, గ్రహణ దోషం, పూర్వజన్మ పాపం అనే మాటలు నేటికీ పల్లెల్లో వినవస్తూనే ఉన్నాయి. బిడ్డను అంగన్‌వాడీకి తీసుకురావడానికి తల్లులు వెనుకాడడంలో ఈ నిందకు పెద్ద పాత్ర ఉన్నది. ఇటువంటి నింద ఎంత అన్యాయమైనదో నల్గొండ నేలకు అనుభవపూర్వకంగా తెలుసు.

దశాబ్దాల పాటు ఈ ప్రాంత ప్రజలు భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ వలన వంగిన ఎముకలతో, బిగిసిన కీళ్లతో బాధపడ్డారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములను ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అనేక గ్రామాల బోరునీటిలో అది ఆ పరిమితిని మించి ఉండేది. ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో వెల్లడించారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్గొండ పేరే స్థిరపడినది. ఇంటింటికీ శుద్ధి చేసిన నదీజలాలను అందించే మిషన్ భగీరథ పథకానికి 2015 జూన్ 8న చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు.

కారణం నీటిలో ఉన్నదని తెలిసిన తరువాత ఆ బిడ్డల తల్లులను తప్పుపట్టడానికి తావు లేదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మెదడు పక్షవాతం వంటి వాటికి కారణాలు వేరు. ఫ్లోరైడ్‌తో వాటిని ముడిపెట్టరాదు. కానీ పాఠం మాత్రం ఒక్కటే. వైకల్యానికి కారణాన్ని శాస్త్రం వెతుకుతుంది, సమాజం ఆసరా ఇవ్వాలి. తల్లిని బోనులో నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ మాటను గ్రామసభలో, మహిళా సంఘాల సమావేశంలో ధైర్యంగా చెప్పగలిగే చరిత్ర ఈ ప్రాంతానికి ఉన్నది.

తొలి పలకరింపు ఎలా ఉండాలి

బిడ్డను చంకనెత్తుకొని కేంద్రం గడప దగ్గర నిలబడిన తల్లి అప్పటికే ఎన్నో మాటలు పడి ఉంటుంది. ఆమెకు తొలుత వినిపించవలసినది "సర్టిఫికెట్ ఉన్నదా?" అనే ప్రశ్న కాదు. "లోపలికి రా అక్కా, కూర్చో" అనే పిలుపు. అంగన్‌వాడీ సేవలు ఆ వయసు పిల్లలందరికీ ఉద్దేశించినవి. పింఛను వంటి పథకాలకు వైకల్య ధ్రువపత్రం అవసరం కావచ్చును గానీ, ఆటపాటలకు, కోడిగుడ్డుకు, వేడి భోజనానికి అది షరతు కాదు. ఈ విషయాన్ని ప్రతి కేంద్రంలో స్పష్టం చేయవలసి ఉన్నది.

తొలి సంభాషణలో బిడ్డకు ఏమి రాదన్నది చివరకు అడగాలి. ఏమి వచ్చునన్నది ముందుగా అడగాలి. ఆకలైతే ఎలా తెలియజేస్తాడు? ఏ పాటకు నవ్వుతాడు? దేనికి జడుసుకుంటాడు? ఇంట్లో ఎవరి దగ్గర ఎక్కువ చనువు? మూత్రానికి వెళ్లవలసి వస్తే ఏ సైగ చేస్తాడు? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ వైద్య నివేదికలోనూ దొరకవు. తల్లికి, నాయనమ్మకు, అక్కకు మాత్రమే తెలుసు. వాటిని ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే టీచర్ సెలవులో ఉన్న రోజున కూడా ఆయమ్మకు బిడ్డ భాష అర్థమవుతుంది. మూర్ఛ వచ్చే అలవాటు ఉంటే వాడుతున్న మందులు, ఆ సమయంలో చేయవలసిన పని, పిలవవలసిన ఫోన్ నంబరు తప్పనిసరిగా నమోదు చేయాలి.

తొలి వారంలో బిడ్డను రోజంతా ఉంచాలని పట్టుబట్టనవసరం లేదు. మొదట అరగంట, తల్లి పక్కనే కూర్చొని ఉండగా ఆడించడం, తరువాత తల్లి వరండాలోకి జరగడం, ఆ పిమ్మట భోజనం వేళ దాకా ఉంచడం అనే క్రమం పాటిస్తే బిడ్డ బెదరదు. సాయంత్రం తల్లికి చెప్పే మాట కూడా ముఖ్యమే. "ఈరోజు ఏడ్చిండు" అన్న ఒక్క కబురుతో పంపక, "బంతి దొర్లిస్తే చెయ్యి చాచిండు" అన్న కబురును కూడా జోడించాలి. మరునాడు ఆ తల్లి మళ్లీ రావడానికి ఆ ఒక్క మాట చాలు.

తండ్రులను, తాతలను కూడా ఈ సంభాషణలోకి తేవాలి. ఆస్పత్రికి పోవాలా, వద్దా అన్న నిర్ణయం అనేక ఇళ్లలో వారిదే. మగ్గం మీద కూర్చునేవారికి, పరిశ్రమలలో షిఫ్టులలో పనిచేసేవారికి కేంద్రం పనివేళలు కుదరకపోవచ్చు. అటువంటి ఇళ్లకు టీచర్ గృహ సందర్శన సమయాన్ని వారి వీలును బట్టి నిర్ణయించుకోవడం మేలు. పని కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల విషయంలో భాష తెలిసిన ఇరుగుపొరుగు వారి సాయం తీసుకోవచ్చు.

ఉన్న గదిలోనే చేయగల మార్పులు

సమ్మిళిత విద్య అనగానే ఖరీదైన పరికరాలు గుర్తుకు రావడం సహజం. చట్టం చెప్పిన నిర్వచనం మాత్రం సరళమైనది. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి నేర్చుకోవడం, అందుకు తగినట్లు బోధనను మలచుకోవడమే సమ్మిళిత విద్య. ఇందులో చాలావరకు అంగన్‌వాడీ గదిలోనే సాధ్యమవుతుంది.

వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టి, టీచర్ వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడాలి. చూపు తక్కువైన బిడ్డకు రంగుల తేడా స్పష్టంగా ఉన్న పెద్ద బొమ్మలు, చేతితో తడిమి చూసే గింజలు, గవ్వలు ఇవ్వాలి. మాట రాని బిడ్డకు నీళ్లు, అన్నం, ఆట, ఇల్లు వంటి బొమ్మల అట్టలు ఇస్తే వేలితో చూపి తన కోరిక చెబుతాడు. శబ్దానికి కలవరపడే బిడ్డకు గదిలో ఒక ప్రశాంతమైన మూల కేటాయించాలి. రోజూ చేసే పనులు ఒకే వరుసలో జరిగితే ఆటిజం గల బిడ్డకు స్థిమితం కలుగుతుంది. చేతి పట్టు లేని బిడ్డ చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే తానే తినడం మొదలుపెడతాడు.

భోజనం విషయంలో ఒక జాగ్రత్త అత్యవసరం. మెదడు పక్షవాతం గల బిడ్డకు పడుకోబెట్టి తినిపించరాదు. ఆహారం ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉన్నది. వీపుకు ఆసరా ఇచ్చి, తల కొంచెం ముందుకు ఉండేలా కూర్చోబెట్టి, అన్నం, గుడ్డు మెత్తగా మెదిపి కొద్దికొద్దిగా పెట్టాలి. ఈ పద్ధతిని తల్లికి, ఆయమ్మకు ఒకేసారి చూపిస్తే ఇంట్లోనూ, కేంద్రంలోనూ ఒకే తీరు సాగుతుంది.

2024లో విడుదలైన నవచేతన, ఆధారశిల పాఠ్య ప్రణాళికలలో దివ్యాంగ బాలలను దృష్టిలో ఉంచుకున్నారు. 'పోషణ్ భీ, పఢాయీ భీ' శిక్షణలో టీచర్లకు వీటిని పరిచయం చేస్తున్నారు. శిక్షణ ముగిసిన తరువాత టీచర్లకు సందేహం వస్తే అడిగేందుకు మండల స్థాయిలో ఒకరు అందుబాటులో ఉండడం అంతే ముఖ్యం.

తోటి తల్లిదండ్రుల సందేహాలు

తమ పిల్లలు వెనుకబడిపోతారేమోనని, చూసి అనుకరిస్తారేమోనని కొందరు తల్లిదండ్రులు సంకోచించడం కద్దు. వైకల్యం అంటువ్యాధి కాదు. తనకంటె నెమ్మదిగా నడిచే స్నేహితుని కోసం ఆగడం నేర్చుకున్న పిల్లవాడు కోల్పోయేదేమీ ఉండదు. నెలనెలా జరిపే పూర్వ ప్రాథమిక విద్యా దినోత్సవాన్ని ఇందుకు వినియోగించుకోవాలి. ప్రత్యేక అవసరాలు గల బిడ్డ కూడా అందులో పాల్గొని ఒక ఆటలోనో, పాటలోనో తన వంతు చేస్తే, ఉపన్యాసాల కంటె ఆ దృశ్యం ఎక్కువ నచ్చజెబుతుంది.

అంగన్‌వాడీ నుంచి బడికి

ఆరేళ్లు నిండే సమయం మరొక గడప. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలలో ప్రత్యేక శిక్షణ పొందిన ఐఈఆర్‌పీలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధిస్తారు. ఫిజియోథెరపీ సేవలు కూడా అక్కడ లభిస్తాయి. బడికి రాలేని స్థితిలో ఉన్న పిల్లలకు ఇంటివద్దనే విద్య అందించే ఏర్పాటు ఉన్నది. బడి తెరవడానికి రెండు మూడు నెలల ముందుగానే అంగన్‌వాడీ టీచర్, ఐఈఆర్‌పీ, తల్లి కలిసి కూర్చుంటే, మూడేళ్లుగా రాసుకున్న ఆ కాగితం బడికి చేరుతుంది. లేనిపక్షంలో తల్లి తన కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది.

అధికారులు, పాత్రికేయులు చేయగలిగినది

కేంద్రాన్ని తనిఖీ చేసే అధికారి హాజరు పట్టికతో పాటు మరొక ప్రశ్న వేయాలి. ఈ వాడలో మూడు నుంచి ఆరేళ్ల వయసులో కేంద్రానికి రాని బిడ్డ ఎవరు, ఎందుకు రావడం లేదు? గడప దగ్గర ర్యాంపు, బిడ్డ కూర్చోగల మరుగుదొడ్డి, వైద్య బృందం చివరిసారిగా వచ్చిన తేదీ, పంపిన బిడ్డకు చికిత్స అందినదా లేదా అన్న సమాచారం ఆ పరిశీలనలో భాగం కావాలి. మహిళా శిశు సంక్షేమ, వైద్య ఆరోగ్య, విద్యాశాఖల రికార్డులు వేర్వేరుగా ఉన్నా బిడ్డ ఒక్కరే అన్న స్పృహ అవసరం.

పాత్రికేయుల బాధ్యత భాషతో మొదలవుతుంది. కుంటి, గుడ్డి, చెవిటి, మూగ, పిచ్చి వంటి పదాలు శీర్షికలో కనిపించిన రోజున ఆ బిడ్డ తల్లి మళ్లీ తలుపు మూసుకుంటుంది. జాలి గొలిపే ఛాయాచిత్రం కంటె, తోటి పిల్లల మధ్య కూర్చొని అన్నం తింటున్న బిడ్డ గురించిన నాలుగు వాక్యాలు ఇరుగుపొరుగు కుటుంబాలకు ధైర్యాన్నిస్తాయి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా బిడ్డ పేరు, చిత్రం ప్రచురించకపోవడం ఉత్తమం. బృందాలు రాని చోట, ర్యాంపు లేని చోట ఆ సంగతి రాయడం కూడా అంతే సేవ.

1994 జూన్‌లో స్పెయిన్‌లోని సలమాంకాలో జరిగిన ప్రపంచ సదస్సు పిల్లలందరూ కలిసి చదువుకోవాలన్న సూత్రాన్ని ప్రకటించినది. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. అంతటి ఒడంబడికలు చివరకు అమలు కావలసినది చౌటుప్పల్ వంటి ఊరిలో, ఒక చిన్న గదిలో, ఒక చాప మీద. ఆ చాప మీద ఒక బిడ్డకు చోటు దొరకాలంటే, ముందుగా ఆ బిడ్డ తల్లికి గడప దగ్గర చోటు దొరకాలి. ఆ పిలుపు ప్రతి కేంద్రంలో వినిపించేలా చూడవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.